ఊక మీద పెరిగిన ఎలుకలు

ఏప్రిల్ తొమ్మిదో తేదీ ఉదయం ఏడున్నరకు, రాజమహేంద్రవరం శివారులోని ఒక పరిశోధన సంస్థలో, పదకొండో పంజరంలోని ఎలుక చనిపోయి కనిపించింది. అది మందు ఎక్కించిన ఎలుక. మందు ఎక్కించిన ఎలుక చనిపోవడం అక్కడ అదే మొదటిసారి.

పరిశోధక విద్యార్థి నేతల జోయెల్ దాన్ని కోసి చూశాడు. కడుపులో రక్తం గడ్డకట్టి ఉంది. గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమని, మూత్రపిండాల దగ్గర తెగింది. అతను డాక్టర్ అడబాల సువర్చలకు ఫోన్ చేశాడు. ఆ మందును తయారు చేసింది ఆమే.

ధమని ఉబ్బిందా అని ఆమె అడిగింది.

“ఉబ్బలేదండి. అదే అర్థం కావట్లేదు. మొన్న స్కాన్‌లో ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. కానీ అంచు దగ్గర పగిలిందండి.”

పగిలింది అన్న మాటను ఆమె మళ్లీ చెప్పించుకుంది. ధమని చిరుగుతుంది. పగలదు.

ఆమె ఆ రోజు సెలవులో ఉంది. కడియం వెళ్లి అక్కను, బావను చూసి రావాలనుకుంది. వెళ్లలేదు. సంస్థకు వచ్చింది.

కొందరిలో, ముఖ్యంగా అరవై దాటిన, పొగ తాగే మగవాళ్లలో, పొట్టలోని పెద్ద ధమని గోడ సడలుతుంది. సైకిల్ ట్యూబు ఒక చోట పలచబడి బుడగ కట్టినట్టు ఉబ్బుతుంది. నొప్పి ఉండదు. ఒక రోజు ఆ బుడగ చిట్లుతుంది. చాలామంది ఆస్పత్రికి చేరరు. ముందే తెలిస్తే ఆపరేషన్ చేసి ఆ ముక్క మారుస్తారు, లేదా లోపల గొట్టం అమరుస్తారు. ఉబ్బును ఆపే మందు మాత్రం లేదు. ఎలుకల్లో పనిచేసిన మందులు చాలా వచ్చాయి. అవి మనుషుల దగ్గరికి వచ్చేసరికి పనిచేయలేదు.

సువర్చల బృందం ఎలుక వీపున, చర్మం కింద, గోరంత పంపు ఒకటి పెట్టేది. ఆ పంపు రక్తపోటు పెంచే హార్మోనును రోజూ కొంచెం కొంచెం వదిలేది. నెల తిరిగేసరికి ధమని రెండింతలు అయ్యేది. కొన్నిటికి ఈలోపే చిట్లేది. అలాంటి ఎలుకలకు ఆమె తన మందు ఎక్కించింది. ధమని గోడలో రబ్బరు దారాల్లాంటి పోగులు ఉంటాయి. ఉబ్బేటప్పుడు అవి తెగుతాయి. ఆ మందు తెగిన కొసలను వెతికి పట్టుకుని ముడి వేస్తుంది. జోయెల్ దానికి కుట్టుమందు అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచింది. పాత రేకుల షెడ్డులో చేసిన ప్రయోగాల్లో, మందు లేని ఎలుకల్లో సగం చనిపోయాయి. మందు ఎక్కించిన వాటిలో ఒక్కటీ చనిపోలేదు.

అనుమతులు వచ్చాక విశాఖపట్నంలోని ఒక ఆస్పత్రిలో ఇరవై రెండు మందికి ఆ మందు ఇచ్చారు. రక్తనాళాల సర్జన్ డాక్టర్ ముస్తఫా ఆ పరీక్షను నడిపారు. ఆ ఇరవై రెండు మందిలో సలాది త్రిమూర్తులు ఒకరు. వయసు అరవై మూడు. కడియంలో మొక్కల నర్సరీ ఉంది. సువర్చల అక్క కనకరత్నం భర్త.

త్రిమూర్తులు నలభై ఏళ్లుగా చుట్ట తాగుతున్నాడు. పిత్తాశయంలో రాళ్ల కోసం స్కాన్ తీస్తే ధమని ఉబ్బు బయటపడింది. ఆపరేషన్‌కు గుండె, ఊపిరితిత్తులు తట్టుకోవని ముగ్గురు డాక్టర్లు చెప్పారు. ఉబ్బు మూత్రపిండాల నాళాల దగ్గరే మొదలైంది కాబట్టి గొట్టం అమర్చడమూ కుదరదన్నారు. పరీక్షలో చేరమని అతన్ని సువర్చలే అడిగింది. అతను వెంటనే ఒప్పుకోలేదు. ఆ మాట మీద రెండు ఆదివారాలు గడిచాయి.

“ఎలకలకి కుదిరిందని నాకు కుదురుద్దంటావా మరదలా? నాకు తోకేదీ?” అన్నాడు మొదటి ఆదివారం.

రెండో ఆదివారం ఆమె పాత షెడ్డులోని ఎలుకల ఫొటోలు తెచ్చి చూపించింది. అతను కళ్లజోడు పెట్టుకుని చూశాడు.

“ఇయ్యన్నీ నా ఊకలో పడుకున్నవే గదా. నా చేతి చలవ తల్లీ అది. నీ మందు గొప్పేముంది?”

కనకరత్నం నవ్వింది. సువర్చల కూడా నవ్వింది. అతను పరీక్షలో చేరాడు.

ఊక సంగతి నిజమే. పరిశోధన మొదలైన ఏడాది, పంజరాల్లో పరిచే మొక్కజొన్న కండెల తురుము హైదరాబాద్ నుంచి రావడం ఆగిపోయింది. కాంట్రాక్టు ముగిసింది, కొత్తది కుదరలేదు. అడుగున పరుపు లేకుండా ఎలుకలను పంజరంలో ఉంచకూడదు. త్రిమూర్తులు మండపేట రైసు మిల్లు నుంచి మొక్కల కుండీల కోసం ఊక తెప్పించుకునేవాడు. నాలుగు బస్తాలు మొక్కల వ్యానులో పంపించాడు. జోయెల్ ఆవిరి పట్టి పంజరాల్లో పరిచాడు. తర్వాత ప్రతి నెలా వ్యాను వచ్చేది. ఆ జిల్లాలో ఇటుక బట్టీలో ఊక ఉంటుంది. ఐసు దిమ్మల మీద ఊక ఉంటుంది. పొదిగే గుడ్ల కింద ఊక ఉంటుంది. ఊకను ఒక వస్తువుగా ఎవరూ లెక్కలో వేయరు. సువర్చల కూడా వేయలేదు. పరిశోధన పత్రంలో, ఎలుకలను శుద్ధి చేసిన పరుపు మీద పెంచామని రాసింది.

మనుషుల మీద పరీక్ష మొదలైన ఏడాదే సంస్థ కొత్త జంతుశాల కట్టింది. తనిఖీకి వచ్చినవాళ్లు మిల్లు ఊక పనికిరాదన్నారు. మొక్కజొన్న తురుము మళ్లీ వచ్చింది. త్రిమూర్తులు పంపిన ఆఖరి బస్తాలను వాచ్‌మన్ గేటు దగ్గరే వెనక్కి పంపాడు. దాని మీద అతను మరదలిని కొన్నాళ్లు ఆట పట్టించాడు.

ఆరు నెలల స్కాన్‌లో అతని ఉబ్బు పెరగలేదు. ఐదు పాయింట్ ఒక సెంటీమీటరు ఉండేది, అంతే ఉంది. ఇరవై రెండు మందిలో ఎవరికీ పెరగలేదు. అతను తాపేశ్వరం కాజాలు తెప్పించి సంస్థలో అందరికీ పంచాడు.

ఆ కాజాలు పంచిన రెండు నెలలకు పదకొండో పంజరంలోని ఎలుక చనిపోయింది.

ఏప్రిల్ నెలాఖరుకి, మందు ఎక్కించిన కొత్త ఎలుకల్లో మూడో వంతు చనిపోయాయి. అన్నీ అదే తీరు. ధమని ఉబ్బలేదు. అంచు దగ్గర పగిలింది. సువర్చల, జోయెల్ ఒక్కొక్కటే తీసి చూశారు. మందు కొత్త బ్యాచ్‌ది అనుకుని పాతది వాడారు. ఎలుకలు చనిపోయాయి. మేత మార్చారు, పంపు మార్చారు, ఎలుకలను వేరే చోటి నుంచి తెప్పించారు. చనిపోయాయి.

మే రెండో వారంలో ఆమె పాత షెడ్డు ఎలుకల ధమని ముక్కలను, కొత్తవాటిని పక్కపక్కన పెట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసింది. ఏ మూలకం ఎంత ఉందో ఆ యంత్రం గీతలుగా చూపిస్తుంది. కొత్త ఎలుకల ముడుల్లో కాల్షియం గీత ఉంది. పాత వాటిలో ఆ గీత లేదు. దాని బదులు సిలికాన్ గీత ఉంది. ఆ గీత వాళ్లకు కొత్త కాదు. మూడేళ్లుగా ప్రతి చిత్రంలోనూ కనిపిస్తూనే ఉంది. ముక్కలను గాజు పలక మీద పెట్టేవారు. గాజులో సిలికాన్ ఉంటుంది. అది పలకదే అనుకుని, కొలిచేటప్పుడు తీసివేసేవారు.

కొత్త ముక్కలు కూడా గాజు పలక మీదే ఉన్నాయి. వాటి ముడుల్లో ఆ గీత లేదు.

ఆమె కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. జోయెల్ ఏమైందని అడిగాడు.

“మా చిన్నప్పుడు ఊక బూడిదతో పళ్లు తోమేవాళ్లు, తెలుసా?” అంది ఆమె. “బూడిదలో ఏముండేది?”

జోయెల్‌కు తెలుసు. ఊక బూడిదలో చాలా భాగం సిలికా, అంటే సిలికాన్ ఉన్న ఖనిజం.

ఎలుక పరుపును కొరుకుతుంది. పాలు మానిన నాటి నుంచి ఊక కొరికిన ఎలుకల ధమని గోడలో సిలికాన్ చేరింది. కుట్టుమందు దానితో ముడి వేసింది. ఆ ముడి సాగుతుంది. సిలికాన్ లేని ఎలుకలో మందు ఖాళీగా ఉండదు. దొరికిన కాల్షియంతో ముడి వేస్తుంది. ఆ ముడి సాగదు. గోడ గుడ్డు పెంకులా బిగుస్తుంది. అందుకే ఉబ్బు పెరగదు. గట్టి గోడ, మెత్తటి గోడ కలిసే చోట, గుండె కొట్టుకున్నప్పుడల్లా లాగుడు పడుతుంది. ఒక రోజు అక్కడ పగులుతుంది.

అప్పటికి ఇది ఊహ. రుజువు కావాలంటే మళ్లీ ఊక మీద ఎలుకలను పెంచాలి. పాత మిల్లు ఊకే కావాలి. సువర్చల బావకు ఫోన్ చేసింది.

“వద్దని గేటు కాడి నుంచి తోలేశారు గదా, మళ్లీ ఏంటంట?” అన్నాడు త్రిమూర్తులు.

ఒక ప్రయోగానికి కావాలని చెప్పింది. ఏ ప్రయోగమని అతను అడిగాడు. పాతదే, మళ్లీ సరిచూస్తున్నామని చెప్పింది.

“మీ ఏసీ బిల్డింగులో ఎలకలకి నిద్ర పట్టట్లేదన్నమాట. సరేలే. రేపు వ్యానులో ఏసి పంపుతాను. ఈసారి వాచ్‌మనుకి చెప్పు, నా బస్తాలకి దణ్ణం పెట్టమని.”

బస్తాలు మర్నాడు వచ్చాయి. ఎలుకలు పెరిగే దాకా ఆగకుండా ఆమె విశాఖపట్నం వెళ్లి డాక్టర్ ముస్తఫాకు చిత్రాలు చూపించింది. ఆయన ఇరవై రెండు మందికీ వేరే రకం స్కాన్ తీయించారు. ఉబ్బు ఎంతుందో కాకుండా, గోడలో ఏముందో చూపించే స్కాన్. గోడలన్నీ తెల్లగా కనిపించాయి. కాల్షియం అలాగే కనిపిస్తుంది. జూన్ మొదటి వారంలో ఆ ఇరవై రెండు మందిలో ఇద్దరు చనిపోయారు. పరీక్ష ఆపేశారు. మందు తయారీకి ఒప్పుకున్న కంపెనీ తప్పుకుంది.

రోగులకు చెప్పే పని డాక్టర్ ముస్తఫా తీసుకున్నారు. ఒక్కరి విషయంలో సువర్చల తానే చెబుతానంది.

ఆమె కడియం వెళ్లేసరికి త్రిమూర్తులు నర్సరీలో నీడవల కింద స్టూలు మీద కూర్చుని మామిడి అంట్లు కడుతున్నాడు. పక్కన కనకరత్నం ప్లాస్టిక్ టేపు ముక్కలు కోసి ఇస్తోంది. సువర్చల చివరిదాకా చెప్పింది. ఊక సంగతి కూడా చెప్పింది. అతను అంటు కట్టడం ఆపలేదు. చేతిలోది పూర్తయ్యాక కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“కట్టు కింద విరగదు. కట్టు అంచున విరుగుద్ది. అంతేనా?” అన్నాడు.

అంతేనంది.

“ఆపరేషను?”

“ఇదివరకు గుండె తట్టుకోదన్నారు. ఇప్పుడు సూది దిగినా గోడ పగులుద్ది బావా.”

“మందు వెనక్కి తియ్యలేరా?”

“తియ్యలేం.”

“ఊకలో పడుకున్న ఎలకలు?”

“బానే ఉన్నాయి.”

త్రిమూర్తులు చుట్ట వెలిగించుకున్నాడు. మానమని చెప్పడానికి సువర్చల నోరు తెరిచి, మూసుకుంది. అది అతను చూశాడు.

“చెప్పు, చెప్పు. అలవాటైన మాటే గదా,” అన్నాడు. “ఇప్పుడు మానితే చుట్టకి అవమానం.”

కనకరత్నం టేపు ముక్కలు డబ్బాలో వేసి మూత పెట్టింది.

“నువ్వు చెప్పావనే గదే చిట్టీ ఒప్పుకున్నారు,” అంది.

అవునంది సువర్చల.

మరుసటి రోజు నుంచి కనకరత్నం ఊకను కడిగి, గిన్నెలో పోసి, నీళ్లు సగమయ్యేదాకా కాచి, వడగట్టి, పొద్దున్న ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు భర్తకు ఇచ్చింది. దాని వల్ల ఉపయోగం లేదని సువర్చల చెప్పింది. మందు కంటే ముందే గోడలో సిలికాన్ ఉండాలి. మందు ఎక్కించాక ఊక పెట్టిన ఎలుకలను కూడా జోయెల్ చూశాడు. అవన్నీ చనిపోయాయి.

“ఎలకల్లో పనిచేసింది మనుషుల్లో పనిచెయ్యలేదు. నీ నోటితోనే చెప్పావు,” అంది కనకరత్నం. “మరి ఎలకల్లో పనిచెయ్యనిది మనుషుల్లో పనిచెయ్యదని ఎలా చెబుతావు?”

సువర్చల మరోసారి చెప్పి చూసింది. తర్వాత చెప్పడం మానేసింది.

త్రిమూర్తులు కషాయం తాగాడు. గేదెల పాక కడుగు నీళ్లు దీని కంటే నయమని పనివాళ్లకు చెప్పేవాడు. కానీ ఒక్క పూట కూడా మానలేదు. కుండీలు ఎత్తడం మానేశాడు. మెట్లు ఎక్కడం మానేశాడు. దగ్గు వస్తే కనకరత్నం ఏ గదిలో ఉన్నా వచ్చి గుమ్మంలో నిలబడేది. దగ్గు ఆగాక వెళ్లిపోయేది. ఆమె వచ్చిందని తెలిసి అతను దగ్గును మింగడం నేర్చుకున్నాడు.

సువర్చల ప్రతి ఆదివారం వచ్చేది. ముగ్గురూ భోజనం చేసేవారు. కనకరత్నం చెల్లెలికి వడ్డించేది. ఇంకొంచెం వేసుకోమని మాత్రం అనేది కాదు.

జులైలో ప్రయోగం ముగిసింది. ఊక మీద పెరిగి మందు ఎక్కించుకున్న ఎలుకలన్నీ బతికాయి. మొక్కజొన్న తురుము మీద పెరిగినవాటిలో నాలుగు మిగిలాయి. ఊహ రుజువైంది. అప్పటికి ఇరవై రెండు మందిలో ఐదుగురు చనిపోయారు. ముందు సిలికాన్ ఇచ్చి తర్వాత మందు ఇచ్చే పద్ధతిని పరీక్షించడానికి ఏ ఆస్పత్రీ ముందుకు రాలేదు.

ఆగస్టులో ఒక ఆదివారం, భోజనాలయ్యాక, త్రిమూర్తులు చనిపోయిన వాళ్లను కోసి చూశారా అని అడిగాడు. ఇద్దరిని చూశారని, మిగతావాళ్ల ఇళ్లలో ఒప్పుకోలేదని సువర్చల చెప్పింది.

“నన్ను చూడండి,” అన్నాడు. “ఎలకని చూసినట్టే. కానీ నువ్వు చెయ్యమాక. ఆ జోయెలు కుర్రోడి చేత చూపించు.”

కనకరత్నం కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు ఆగలేదు. తిరిగి వచ్చాక, అలాంటి పని తన ఇంట్లో జరగదంది. అతను వాదించలేదు. నర్సరీలో గులాబీలకు తెగులు మందు కొట్టాలని గుర్తుచేశాడు.

సెప్టెంబరు పద్నాలుగో తేదీ ఉదయం ఆరు నలభైకి త్రిమూర్తులు నర్సరీలో నీళ్ల వాల్వు తిప్పాడు. పనివాడు ఒకతను అది చూశాడు. ఏడు గంటలకు నీళ్లు క్రోటన్ల మళ్లు దాటి రోడ్డు మీదికి వచ్చాయి. వాల్వు కట్టేయడానికి వెళ్లిన పనివాడికి అతను మళ్ల గట్టు మీద ఒరిగి కనిపించాడు. అంబులెన్సు వచ్చేసరికి ప్రాణం లేదు.

సువర్చల ఎనిమిదింటికి వచ్చింది. పోస్టుమార్టం మాట ఆమె ఎత్తలేదు. కనకరత్నమే ఎత్తింది. కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి, బండి మాట్లాడమంది. త్రిమూర్తులు అన్నగారు, మిగతా పెద్దలు ఒప్పుకోలేదు. శవాన్ని కోయించడమేమిటని అడిగారు. దహనం మర్నాటికి వాయిదా పడుతుందన్నారు.

“ఆయన అడిగారు,” అంది కనకరత్నం.

పెద్దలు ఇంకా మాట్లాడారు. ఆమె కాగితాల మీద సంతకం పెట్టింది.

ధమని ముక్క సంస్థకు వచ్చింది. జోయెల్ చూశాడు. సువర్చల పక్క గదిలో కూర్చుంది. ఈసారి ముక్కను గాజు పలక మీద పెట్టలేదు. కార్బన్ పలక మీద పెట్టారు. గోడ అంతటా కాల్షియం ఉంది. వెన్నెముక వైపు, ఆవగింజంత చోట, సిలికాన్ ఉంది. అక్కడ పోగుల ముడులు పాత షెడ్డు ఎలుకల్లో ఉన్నట్టే ఉన్నాయి. కోసి చూసిన మిగతా ఇద్దరి ధమనుల్లో సిలికాన్ లేదు. అది కషాయం వల్ల చేరిందో, నర్సరీలో నలభై ఏళ్లు మింగిన ఊక దుమ్ము వల్ల చేరిందో తేల్చడం సాధ్యం కాలేదు. జోయెల్ ఆ ముక్కను మూడుసార్లు చూశాడు. మూడుసార్లూ అదే కనిపించింది.

ఆ ఆవగింజంత చోట గోడ పగల్లేదు. పగులు దాని దాకా వచ్చి, పక్క నుంచి తిరిగి పోయింది.